ఇల్లు కట్టి చూశాను

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. నా పెళ్ళి సంగతి మా నాన్నగారు చూసుకున్నారు. ఇల్లేమో మావారూ, బ్యాంకువాళ్ళూ కలిసి చూసుకున్నారు. నా చేతులతో నేను కట్టిన మొదటి ఇల్లు మాత్రం నలభై ఏడో ఏట, మా డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరుచుకుని, పదకొండు మధ్యాహ్నాల్లో కట్టాను. పొడవు జానెడు. ఎత్తు అందులో సగం కంటే కాస్త ఎక్కువ.

నవ్వకండి. ఈ బుల్లి ఇళ్ళ వెనక నాలుగు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో పెద్ద వాటా ఆడవాళ్ళది. ఆ చరిత్ర తెలుసుకుంటూ ఉంటే, కూలిపోయిన మా పుట్టింటి గురించి కూడా నాకొక సంగతి అర్థమైంది. అది చెప్పాలనే కూర్చున్నాను.

మా తమ్ముడు జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వస్తూ మావాడికి ఒక కిట్ తెచ్చాడు. అక్కడి పల్లెటూరి రైల్వే స్టేషన్ మోడల్. మావాడు తొమ్మిదో తరగతి. పెట్టె తెరిచాడు, రెండు ముక్కలు పట్టుకుని విరిచాడు, "ఇది మామయ్య కాలం నాటి ఆటమ్మా" అని బీరువా మీద పెట్టేశాడు. ఆరు నెలలు అక్కడే దుమ్ము పట్టింది. జూన్‌లో బడులు తెరిచాక, ఇల్లు దులుపుతుంటే చేతికి తగిలింది. ఊరికే చూద్దామని మూత తీశాను.

చింతకాయల గుత్తిలా ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్నాయి. ప్రతి ముక్క పక్కనా ఒక అంకె. గోడలు, తలుపులు, కిటికీలు, పెంకుల కప్పు, పొగగొట్టం, ఆఖరికి వాన నీళ్ళ గొట్టం కూడా. పెట్టె మీద 1:87 అని రాసుంది. అసలు కట్టడంలో ఎనభై ఏడో వంతు అన్నమాట. రెండు మీటర్ల గుమ్మం ఇందులో 23 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి కొస కణుపంత. ఐదడుగుల రెండంగుళాలున్న నేను ఆ స్టేషన్‌లో నిలబడితే 18 మిల్లీమీటర్లు ఉంటాను.

గోడలు నాలుగూ గమ్ పెట్టకుండా నిలబెట్టి చూశాను. బయట ఒక్కొక్క ఇటుకా చెక్కినట్టుంది. లోపల ఏమీ లేదు. గది లేదు, మెట్లు లేవు, గోడ మీద ఒక్క గీత లేదు. నున్నటి బోలు డబ్బా.

"లోపలేం లేదేంట్రా?" అన్నాను మావాడితో.

"లోపల ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే నా చిన్నప్పటి ఆటలన్నీ లోపలివే. ఏటికొప్పాక లక్కపిడతలు గుర్తున్నాయా మీకు? అంకుడు కర్రతో చేసి లక్కరంగు పూసిన బుల్లి పొయ్యి, తిరగలి, రోలు, బిందె, గరిటె. వాటితో అటుకులూ బెల్లమూ వండి వడ్డించడమే ఆట. మా బి.ఏ.లో గుజ్జనగూళ్ళు అనే మాట వస్తే మా లెక్చరర్ గారు అర్థం చెప్పబోతూ, మా మొహాలు చూసి ఆపేశారు. ఆడపిల్లలకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు కదా! ఆ ఆటలో మాకు ఇల్లంతా ఉండేది గానీ గోడలుండేవి కావు. తమ్ముడు మాత్రం ఇసకలో పిచ్చుకగూళ్ళు కట్టేవాడు. పైన గుండ్రంగా నున్నగా కట్టేసి, కాలు బయటికి లాగేసి, అక్కడితో వదిలేసి పరిగెత్తేవాడు. లోపల ఏం పెట్టాలన్న ఆలోచన వాడికెప్పుడూ రాలేదు.

ఇది మన ఊళ్ళ సంగతే అనుకున్నాను. యూరప్‌లోనూ ఇంతేనట.

అక్కడ రాతల్లో కనిపించే మొదటి బుల్లి ఇల్లు 1557-58లో చేయించినది. బవేరియా డ్యూక్ ఐదో ఆల్బ్రెక్ట్ మ్యూనిక్‌లో చేయించి, తన వింత వస్తువుల సేకరణలో పెట్టుకున్నాడు. 1674లో మంటల్లో కాలిపోయింది. అంతకుముందు రాసిన సామాన్ల జాబితా ఉండబట్టి, అందులో గదులేమిటో గిన్నెలేమిటో ఇవాళ మనకి తెలుస్తోంది. అది ఆట కోసం కాదు, గొప్ప చూపించుకోవడానికి.

అది ఆడపిల్లల చేతికి చదువుగా వచ్చింది న్యూరెంబర్గ్ నగరంలో. 1631లో అక్కడ ఆనా కోఫర్లిన్ అనే ఆవిడ పెద్ద బొమ్మరిల్లు ఒకటి తయారు చేయించి, డబ్బులు తీసుకుని జనానికి చూపించింది. దాంతోపాటు ఒక కాగితం అచ్చువేసి పంచింది. పిల్లలు ఈ ఇంట్లో ప్రతి వస్తువూ ఎక్కడెలా అమర్చి ఉందో చూసి సంసారం దిద్దుకోవడం నేర్చుకోవాలని అందులోని సారాంశం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ కాగితం మీద అచ్చువేసిన బొమ్మ ఉంది. అదే నగరంలో 1639 నాటి ఇంకో బొమ్మరిల్లు మాత్రం అక్కడి జర్మన్ జాతీయ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

న్యూరెంబర్గ్ వంటిళ్ళు అని ఇంకో రకం కూడా ఉండేవి. మూడు గోడల పెట్టె, వెనక గోడకి పొయ్యి, చుట్టూ అరల నిండా బుల్లి రాగి, తగరం సామాను. ముందు గోడ ఉండదు, చేతులు పెట్టి ఆడుకోవాలి కదా. చాలా ఇళ్ళల్లో దాన్ని క్రిస్మస్‌కి బయటికి తీసి, పండగ అయిపోగానే మళ్ళీ పెట్టెలో కట్టి అటక మీద పెట్టేవారట. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మ బొమ్మల కొలువు ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఏ దేశం అమ్మలైనా బొమ్మల విషయంలో ఒకే పిసినారితనం!

హాలెండులో ధనవంతుల ఇల్లాళ్ళు దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టు వర్తకుడి భార్య పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ 1686 నుంచి 1710 దాకా ఒక బీరువాలో తన బొమ్మరింటిని అమర్చుకుంటూ వచ్చింది. బుట్ట కావాలంటే బుట్టలల్లేవాడికే చెప్పింది, పింగాణీ కావాలంటే తూర్పు దేశాల నుంచే తెప్పించుకుంది. అన్నీ ఒకే కొలతలో తగ్గించి, అసలు సరుకుతోనే. దానికైన ఖర్చుతో ఆ ఊళ్ళో కాలవ ఒడ్డున నిజం ఇల్లే కొనొచ్చని లెక్క కట్టారు. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. నిజం ఇల్లు ఆవిడ పేరు మీద ఉందో లేదో గానీ, మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ బీరువాని ఆవిడ పేరుతోనే పిలుస్తున్నారు.

ఈ బొమ్మరిళ్ళలో ఒక పోలిక చూశారా? లోపల సమస్తం ఉంటుంది. ముందు గోడ ఉండదు, లేదా బీరువా తలుపే గోడ. వీధి వైపు నుంచి ఆ ఇల్లెలా ఉంటుందన్నది ఎవరికీ పట్టలేదు. నా రైల్వే స్టేషన్ సరిగ్గా దీనికి తిరగబడిన వ్యవహారం. నాలుగు గోడలూ ఉన్నాయి, లోపల ఏమీ లేదు.

మరి ఆ బొమ్మరింటి నుంచి ఈ డబ్బా ఇంటికి ఎలా వచ్చాం? మధ్యలో ఒక ఇల్లాలు ఉంది.

తమ్ముడుండే ఊరికి దగ్గర్లోనే, రైల్లో గంటలోపు దూరంలో, గోపింగెన్ అని ఒక ఊరుంది. అక్కడ 1859లో మెర్క్లిన్ అనే రేకుపని ఆయన ఒక కార్ఖానా పెట్టాడు. రైలు బొమ్మలకి ప్రపంచమంతా పేరుమోసిన మెర్క్లిన్ కంపెనీ అదే. కానీ వాళ్ళు మొదట చేసినవి రైళ్ళు కావు. ఆడపిల్లల బొమ్మ వంటిళ్ళకి కావలసిన రేకు గిన్నెలు, పొయ్యిలు! ఆయన చేసేవాడు. భార్య కరోలీన్ ఆ సరుకు పట్టుకుని దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండు ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. ఆడది ఒంటరిగా ఊళ్ళు తిరిగి వ్యాపారం చెయ్యడమన్నది చాలా అరుదైన రోజులవి. 1866లో ఆయన చనిపోయాడు. అక్కడి నుంచి 1888లో కొడుకులు అందుకునేదాకా, 22 ఏళ్ళపాటు ఆవిడే దాన్ని ఆగిపోకుండా లాక్కొచ్చింది.

కొడుకులు 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలు పెట్టారు. అందులో కొత్తేమిటంటే పట్టాల వెడల్పుకి కొలతలు ఖాయం చేశారు. ఈ ఏడాది కొన్న పట్టాకి పైఏడాది కొన్నది అతుకుతుంది. ఇవాళ ఇంజను, రేపు పెట్టె, ఎల్లుండి వంతెన. బొమ్మ వంటింటికి ఈ పండక్కి గిన్నె, పై పండక్కి గరిటె కొన్నట్టే. అమ్మ అమ్మిన వంటింటి కిటుకునే కొడుకులు రైలుకి పెట్టారన్నమాట.

తర్వాత ఇళ్ళల్లో జాగా తగ్గింది, రైళ్ళూ తగ్గాయి. "జీరో" సైజు వచ్చింది, 1935లో అందులో ఇంచుమించు సగం ఉండే టేబుల్ మీది రైళ్ళు వచ్చాయి. దాన్నే తర్వాత "హెచ్-జీరో" అన్నారు. హెచ్ అంటే జర్మన్‌లో సగం. సగం సున్నా! సున్నాలో సగమెంతో మా లెక్కల మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు, జర్మనీ వాళ్ళు చెప్పారు, 1:87 అని.

రైలుంటే స్టేషన్ కావాలి. స్టేషన్ ఉంటే ఊరు కావాలి. 1945లో యుద్ధం ముగిసేసరికి జర్మనీ నగరాలెన్నో శిథిలాల గుట్టలు. ఆ మరుసటి ఏడాది, 1946లో, బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో గడియారాల పనికి పేరున్న ప్రాంతంలో, గూటెన్‌బాఖ్ అనే చిన్న ఊళ్ళో ఎడ్విన్, హెర్మన్ ఫాలర్ అనే అన్నదమ్ములు బొమ్మ ఇళ్ళ పని మొదలుపెట్టారు. నిజం ఇళ్ళకి ఇటుక దొరకని రోజుల్లో చెక్కతో, అట్టతో బుల్లి ఇళ్ళు! పిచ్చితనం అనిపిస్తుంది గానీ, నాకు ఇప్పుడు అనిపించట్లేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

1950ల్లో ప్లాస్టిక్ వచ్చి దశ తిప్పేసింది. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్కుని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తే ఇటుక గీతలతో సహా గోడ దిగుతుంది. అచ్చు చెయ్యడమే ఖరీదు, ఆ తర్వాత లక్ష గోడలైనా చవకే. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1952లో ఓడ కిట్‌ని రెండు షిల్లింగులకే దుకాణాల్లో పెట్టింది. ఆ దశకం చివరికల్లా రైలు పట్టాల పక్కన పెట్టుకునే ఇళ్ళు కూడా తెచ్చింది. అలా బొమ్మ ఇల్లు మధ్యతరగతి పిల్లాడి జేబుఖర్చుకి దిగింది. పిల్లాడి అనే అన్నాను, చూడండి. ఆ కాలపు ప్రకటనల్లో, పెట్టెల మీద ఎక్కువగా కనిపించేది తండ్రీ కొడుకులే. ఆడపిల్లకి లోపలి ఇల్లు, మగపిల్లాడికి బయటి ఇల్లు. ఒకే కార్ఖానా నుంచి బయల్దేరిన ఇంటిని అలా రెండు ముక్కలు చేసి పంచేశారు.

ఇక నా కట్టుబడి సంగతి.

మొదటిరోజు ముక్కలన్నీ చట్రంతో సహా సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాను. అచ్చులోంచి సులువుగా రావడానికి వాడిన జిడ్డు ఉంటే రంగు పట్టదట. విరవకూడదు, కత్తిరించాలి. కాడ మిగిలినచోట సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి. గమ్ పెట్టేముందు ప్రతి ముక్కా ఉత్తినే ఆనించి చూసుకోవాలి. జాకెట్టు కుట్టేముందు టాకా వేసుకోమా, అలాగ.

ఆ గమ్ మన ఫెవికాల్‌లాంటిది కాదు. అది అంటించదు, రెండు ప్లాస్టిక్ అంచుల్నీ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. ఆరిందంటే అతుకే ఉండదు. తడి బ్రష్షు అంచుకి తాకిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకుతుంది. నాకది తెలీక పై అంతస్తు కిటికీ అద్దానికి దండిగా పూశాను. పది నిమిషాల్లో అద్దం తెల్లగా మబ్బు పట్టిపోయింది. ప్రాణం ఉసూరుమంది. తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించాను.

"అద్దాలకి ఆ గమ్ పెట్టకూడదక్కా, తెల్ల గమ్ పెట్టాలి. పోనీలే, ఇప్పుడు పీకకు, విరుగుతుంది" అన్నాడు.

రంగులు వేయడంలో మాత్రం మనదే పైచేయి. ప్లాస్టిక్ మెరుపు పోవాలంటే ముందు పల్చగా బూడిదరంగు పూత. దాని మీద ఇటుక రంగు, ఒకేసారి దట్టంగా కాకుండా రెండు మూడు పల్చటి పూతలు. ఒకటి ఆరాకే ఇంకోటి. దోసె ఒకవైపు కాలకుండా తిరగేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఇంకో కిటుకు, నిజం ఇటుక రంగే తెచ్చి వేస్తే అంత చిన్నదాని మీద ముదురుగా కనిపిస్తుంది. చిటికెడు తెలుపు కలపాలి.

తర్వాత నల్లరంగు, కాఫీరంగు కలిపి చారుకట్టులా పల్చగా చేసి గోడంతా పారించాను. అది ఇటుకల సందుల్లోకి దిగి అక్కడే ఆరింది. ఒక్కసారిగా గోడకి యాభై ఏళ్ళ వయసొచ్చింది. చివరికి బ్రష్షుకి తెలుపు అద్ది, గుడ్డకి బాగా తుడిచేసి, ఉందా లేదా అన్నంత రంగుతో పెంకుల అంచుల మీద తేలిగ్గా ఆడించాను. బొట్టు పెట్టుకున్నాక వేలికి మిగిలిన కుంకుమ ఎంత ఉంటుంది, అంతే. ఎండావానా తిన్న పెంకులైపోయాయి అవి.

ఆ పెంకుల రంగు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. మా పుట్టింటి కప్పు రంగది.

కోనసీమలో మాది మండువా ఇల్లు. అమ్మ పోయిన ఏడాదికి అమ్మేశాం. తమ్ముడు విదేశంలో, నేను హైదరాబాదులో, చూసేవాళ్ళు లేరు. నా వాటా నాకు లెక్క ప్రకారం వచ్చింది. ఆడపిల్లలకి వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చినా, అడిగితే మొహం మాడ్చుకునే అన్నదమ్ములున్న రోజుల్లో, నేను అడక్కుండానే ఇచ్చాడు మా తమ్ముడు. ఆ విషయంలో నాకు ఏ మూలా కష్టం లేదు. నా కష్టమల్లా ఒక్కటే. రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టి, అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లలో ఉన్న ఇంటికి వెళ్ళకుండా బస్సెక్కి వచ్చేశాను. చూస్తే చెయ్యి వణుకుతుందని ముందు వెళ్ళలేదు, అయిపోయాక ఇంకెందుకని వెళ్ళలేదు. కొన్నవాళ్ళు రెండు నెలల్లో పడగొట్టేశారు. ఇప్పుడక్కడ మూడంతస్తుల మేడ ఉంది.

ఆ పెంకుల్ని చూశాక ఇల్లు బొమ్మ గీద్దామని కాగితం తీశాను. ఫొటోలున్నాయి గానీ, అన్నింట్లోనూ మనుషులే. పెళ్ళికూతురి వెనక మూరెడు గోడ, అన్నప్రాసన పీట వెనక సగం స్తంభం. గీయడం మొదలుపెడితే వంటిల్లు కళ్ళు మూసుకుని గీశాను. మూడు పొయ్యిల గట్టు, పక్కన రుబ్బురోలు, ఉట్టి కొక్కెం, పనస చెట్టు కనిపించే తూర్పు కిటికీ. వంటింట్లోంచి దేవుడి గది, అక్కణ్ణుంచి పురిటిగది, మండువా చుట్టూ వసారా. వీధి వైపుకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అరుగు మీద స్తంభాలు నాలుగా, ఆరా? మెట్లు ఎన్ని? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆరు స్తంభాలక్కా. మూడు మెట్లు. వీధి గుమ్మం మీద రెండు చిలకలు చెక్కి ఉండేవి. ఎడమ చిలక ముక్కు విరిగింది, బంతి కొట్టింది నేనే" అన్నాడు ఠక్కున. కప్పెక్కి బంతులు తీసినవాడు కాబట్టి పెంకులు ఎన్ని వరసలో కూడా చెప్పాడు. "మరి వంటింటి రెండో కిటికీ ఏ గోడకి ఉండేదో చెప్పు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వంటింటికి రెండు కిటికీలుండేవా?" అన్నాడు.

ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో పెరిగాం. వాడికి సగం ఇల్లు తెలుసు, నాకు సగం ఇల్లు తెలుసు. వాడు రాత్రిళ్ళు అరుగు మీద మడతమంచం వేసుకుని పడుకునేవాడు, వంటింట్లోకి అన్నానికే వచ్చేవాడు. నాకు పన్నెండో ఏడు వచ్చాక "అరుగు మీద ఏం పనే నీకు" అనేది మా నాయనమ్మ. ఆవిడ తప్పు కాదు, ఆవిడకీ అలాగే చెప్పి ఉంటారు. ఆ స్తంభాల్ని నేను తిన్నగా నిలబడి ఎప్పుడూ లెక్కపెట్టలేదు, అంతే.

బొమ్మరిల్లు, రైల్వే స్టేషన్ మేమిద్దరం! ఎవరి సగం వాళ్ళ దగ్గరుంది, ఇల్లు ఎవరి దగ్గరా లేదు.

రెండు సగాల్నీ కలిపినవాళ్ళు లేరా అని చూశాను. ఉన్నారు. ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921-24 మధ్య ఒక బొమ్మరిల్లు కట్టారు. ఆలోచన యువరాణి మేరీ లూయీస్‌ది, నిర్మాణం సర్ ఎడ్విన్ లట్యెన్స్‌ది. మన రాష్ట్రపతి భవన్, నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ కట్టింది ఆయనే. పన్నెండో వంతు కొలత. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టు కదులుతుంది. నాకు నచ్చింది అది కాదు. దానికి నాలుగు వైపులా పూర్తి గోడలున్నాయి. ఆ గోడల గూడంతా గిన్నె మీద మూతలా పైకి లేస్తుంది, అప్పుడు లోపలి గదులన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది.

ఇంకొకావిడ అమెరికాలో ఫ్రాన్సిస్ గ్లెస్నర్ లీ. బాగా ఉన్నవాళ్ళు. అన్నని హార్వర్డులో చదివించారు, ఈవిడని కాలేజీకి పంపలేదు. ఇంట్లో నేర్చిన కుట్టుపని, అల్లికలతోనే ఆవిడ అరవై దాటాక, 1940ల్లో, పన్నెండో వంతు కొలతలో బుల్లి గదులు చేసింది. అవి అనుమానాస్పద మరణాలు జరిగిన గదుల నమూనాలు, పోలీసులకి పాఠం చెప్పడానికి. తలుపు గడియ పడుతుంది, కిటికీ తెరుచుకుంటుంది. గుండుసూదుల్లాంటి సూదులతో మేజోళ్ళు అల్లింది. మామూలు ఇళ్ళల్లోని వంటగదిని, పడకగదిని ఎలా చూడాలో, ఏది ఉండాల్సిన చోట లేదో కనిపెట్టడం మగ పోలీసులకి నేర్పింది. 1943లో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్ర పోలీసుశాఖ ఆవిడకి కెప్టెన్ హోదా ఇచ్చింది. వాటిలో 18 గదులు బాల్టిమోర్‌లో ఇప్పటికీ పాఠాలకి వాడుతున్నారు. "లోపల ఎవరు చూస్తారు" అన్న మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి!

పదోరోజు తమ్ముడు మాటల్లో అన్నాడు, "అక్కడి పల్లె స్టేషన్లలో పై అంతస్తులో స్టేషన్ మాస్టర్ కాపురం ఉండేదక్కా, పిల్లా పాపలతో" అని. నేను పాడుచేసిన కిటికీ పై అంతస్తుదే. మళ్ళీ చూస్తే అది మబ్బు పట్టిన అద్దంలా లేదు. లోపల అన్నం వారుస్తుంటే ఆవిరి పట్టిన వంటింటి కిటికీలా ఉంది.

ఇంకేం, కప్పు అంటించడం ఆపేశాను. లోపలివైపు గోడలకి నల్లరంగు వేశాను, లేకపోతే దీపం పెడితే పల్చటి ప్లాస్టిక్ గోడలోంచే వెలుతురు వచ్చేస్తుంది. అట్టముక్కతో ఆ కిటికీ వెనక చిన్న గది చేశాను. తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తున పొయ్యి గట్టు. గిన్నెలకి ఏం చెయ్యాలా అని లెక్క వేస్తే పోపులపెట్టె సాయానికొచ్చింది. ఆవగింజ రెండు మిల్లీమీటర్లు, ఎనభై ఏడుతో గుణిస్తే పదిహేడు సెంటీమీటర్లు, సరిగ్గా పప్పుగిన్నె. మిరియం అయితే నీళ్ళబిందె! నాలుగు ఆవగింజలు, ఒక మిరియం అంటించి, రంగు వేసి, పసుపు రంగు బుల్లి దీపం పెట్టి కప్పు మూశాను.

రాత్రి హాల్లో లైట్లార్పి దీపం వేశాను. మావాడు ఫోన్ పక్కన పెట్టి వచ్చి, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆ పక్క కిటికీకి ఆనించి చాలాసేపు చూశాడు. "లోపల వంటిల్లుందమ్మా!" అన్నాడు. ఎవరు చూస్తారన్నది వాడే మరి.

ఇప్పుడు మా అక్కాతమ్ముళ్ళకి కొత్త పని పడింది. ఇరవై నాలుగో వంతు కొలతలో, అంటే అడుగుకి అరంగుళం చొప్పున, అట్టతో మా మండువా ఇల్లు. కప్పు మూతలా లేచేట్టు. వీధి వైపు వాడు చెప్తాడు, లోపలిది నేను చెప్తాను. ఆదివారాలు ఫోన్‌లో గంటేసి పోట్లాడుకుంటున్నాం. వంటింటి గోడ అయింది. రెండు కిటికీలూ పెట్టాను. చిలకల సంగతి వాడి పూచీ, ముక్కు విరిగిన చిలకే కావాలని చెప్పాను.

మీ పుట్టిల్లు ఇంకా నిలబడి ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు పచ్చళ్ళ సీసాలతోపాటు ఒక కొలత టేపు కూడా పట్టుకెళ్ళండి. వంటిల్లు మీకు తెలిసినదే, దాన్ని కాగితం మీద పెట్టండి. తర్వాత వీధిలోకి వెళ్ళి, ఎవరేమనుకున్నా సరే, ఇంటికి ఎదురుగా నిలబడి స్తంభాలు లెక్కపెట్టుకోండి.